సగం రాసిన నోటుబుక్కులతో 12 కానుకలు: పని డైరీ

కావలసింది: కొత్త సంవత్సరం రోజు కానుకలుగా ఇవ్వడానికి 12 చిన్న నోటుబుక్కులు.
సరుకు: పిల్లలిద్దరూ కిందటేడాది సగం సగం రాసి వదిలేసిన 14 నోటుబుక్కులు.
పని వేళ: రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, ఆదివారం మధ్యాహ్నాలు.
చోటు: భోజనాల బల్ల. అంటే ప్రతిసారీ పరచాలి, ప్రతిసారీ ఎత్తేయాలి. ఆ పావుగంటను కూడా లెక్కలో కలిపాను.

ఆలోచన ఎలా వచ్చిందన్నది వదిలేస్తున్నా. ఎక్కడ చెడింది, ఎన్ని కాగితాలు పోయాయి, ఏం మార్చాను అన్నదే రాస్తున్నా. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే కనీసం నా తప్పులు మళ్లీ చేయక్కర్లేదు.

నవంబర్ 9: లెక్క

ఖాళీ కాగితాలు లెక్కపెట్టే పని పెద్దదానికి అప్పజెప్పాను. 576 అని తేల్చింది. ఒక్కో పుస్తకానికి 40 కాగితాలేసుకున్నా 14 పుస్తకాలొస్తాయి, ఇంకేం అనుకున్నాం. పిన్నులు ఊడదీశాక అసలు సంగతి తెలిసింది.

మధ్యలో పిన్ను కొట్టిన నోటుబుక్కులో కాగితాలన్నీ జంటలు. మొదటి కాగితం, చివరి కాగితం ఒకే ముక్క. రెండోది, చివరి నుంచి రెండోది ఒకే ముక్క. పిల్లలు రాసేది ముందు నుంచి. ముందు పది కాగితాలు రాస్తే వెనకున్న పది కాగితాలు ఖాళీగా ఉన్నా, వాటి జోడీలు రాసేసినవే. రెండు వైపులా ఖాళీగా ఉండే జంటలు నడుమ మాత్రమే దొరుకుతాయి.

లెక్క ఇది: పుస్తకంలో మొత్తం జంటలు ఎన్నో చూసి, అందులోంచి రాసిన కాగితాల సంఖ్య తీసేయాలి. మిగిలిందే ఖాళీ జంటల సంఖ్య.

మా లావు పుస్తకంలో 96 కాగితాలు, అంటే 48 జంటలు. 20 కాగితాలు రాసినదాంట్లో 28 జంటలు దొరికాయి. 44 రాసినదాంట్లో నాలుగే. 52 రాసినదాంట్లో సున్నా. సగం దాటితే ఇంక ఒక్క జంట కూడా రాదు. ఇంకా 44 ఖాళీ కాగితాలున్న పుస్తకం చేతిలో పెట్టుకుని, అందులో ఒక్క జంట లేదంటే పెద్దది నమ్మలేదు. ఒక్కోటీ విడదీసి చూపించాల్సి వచ్చింది. చిన్నోడు కూడా పక్కనే నిలబడి విన్నాడు. వాడు అంత శ్రద్ధగా విన్నాడని అప్పుడు తెలియలేదు.

ఆరు లావు పుస్తకాల్లో 62, ఎనిమిది సన్నవాటిలో 65. మొత్తం 127 జంటలు. విడి కాగితాలు 322. జంటల్లో చెమ్మ మచ్చలున్నవీ, నడుమ పేజీలో బొమ్మలేసినవీ తొమ్మిది తీసేశాను.

ఇప్పటికి: 118 జంటలు, 322 విడి కాగితాలు. సమయం 3½ గంటలు.

నవంబర్ 15: విడి కాగితాలతో రెండు ఓటములు

322 విడి కాగితాలను చూస్తూ వదిలేయడానికి మనసు ఒప్పలేదు. ముందు వాటితోనే ప్రయత్నించాను.

మొదటిది జిగురు పుస్తకం. 40 కాగితాలు దగ్గరగా సర్ది, రెండు అట్టల మధ్య బిగించి, ఒక అంచుకు తెల్ల జిగురు మూడు పూతలు పూశాను. ఒక్కో పూతకీ మధ్య గంట ఆరబెట్టాను. మర్నాడు చిన్నోడికిచ్చి 50 సార్లు తెరిచి మూయమన్నాను. ఏడు కాగితాలు ఊడొచ్చాయి. జిగురు అంచునే అంటింది, లోపలికి పోలేదు. పైగా జంటను చేత్తో చింపి విడదీసిన అంచు ఎగుడుదిగుడుగా ఉంది. కొన్ని కాగితాలను జిగురు అసలు తాకనే లేదు.

రెండోసారి ఆ అంచుకు సెంటీమీటరుకొకటి చొప్పున ఒక మి.మీ. లోతు గాట్లు పెట్టి, వాటిలోకి జిగురు దింపాను. 50 సార్లకు రెండే ఊడాయి. నయమే. కానీ పుస్తకం బల్ల మీద పరిస్తే తెరిచి ఉండదు, మూసుకుపోతుంది. ‘అమ్మా, రాయడానికొక చెయ్యి, పట్టుకోవడానికొక చెయ్యి కావాలి’ అన్నాడు. మా మామయ్యగారి చేతులు కాస్త వణుకుతాయి. ఆయన చేతికి ఇలాంటిది ఎలా ఇవ్వను? మానేశాను.

రెండో ఓటమి ఇంకా తెలివితక్కువది. విడి కాగితం 18 × 24 సెం.మీ. దాన్ని అడ్డంగా మడిచి 18 × 12 చేస్తే నేనే కొత్త జంట తయారు చేసుకున్నట్టేగా! ఇరవై మడిచేశాక చూస్తే, పుస్తకం నిలువుగా పట్టుకుంటే గీతలు నిలువుగా వచ్చాయి. దానికి తోడు మడత స్ప్రింగులా పైకి లేస్తోంది. చెంచా వెనకతో రుద్దితే మడత మీద పొట్టు లేచింది.

మడత లేవడానికి కారణం కాగితం వాటం. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నార ఎక్కువగా ఒకే దిక్కుకు సర్దుకుంటుంది. ఆ దిక్కున మడిస్తే కాగితం మాట వింటుంది, అడ్డంగా మడిస్తే ఎదురు తిరుగుతుంది. వాటం తెలుసుకోవడం తేలిక. కాగితాన్ని మడత పడకుండా రెండు దిక్కులా వంచి చూడండి, తేలిగ్గా వంగినప్పుడు వంపు గీత ఎటుంటే వాటం అటే. లేదా చిన్న ముక్క కోసి ఒకవైపు తడపండి. గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుంటే వాటం అటే. మా నోటుబుక్కుల్లో వాటం పాత మడతకు సమాంతరంగా ఉంది. అంటే పాత మడతనే వాడుకోవాలి.

విడి కాగితాలు పక్కన పెట్టాను. తర్వాత వేరే పనికొచ్చాయి.

ఇప్పటికి: పుస్తకాలు 0. సమయం 5½ గంటలు.

నవంబర్ 16, 23: కోత, మడత

జంటను పరిస్తే 36 × 24. పై అంచున తేదీ గడి ఉంది, అది 2 సెం.మీ. కోసేశాను. మిగిలిన 22ను సగానికి కోస్తే 36 × 11 పట్టీలు రెండు. పాత మడత మీదే మడిస్తే 18 × 11 పుస్తకం: అడ్డంగా పొడుగ్గా ఉంటుంది, గీతలు అడ్డంగానే వస్తాయి, వాటం కూడా కుదురుతుంది. ఈ కొలత నేను ఎంచుకున్నది కాదు, కాగితమే ఇచ్చింది.

118 జంటలకు 236 పట్టీలు రావాలి.

పనిముట్లు:
1. స్టీలు స్కేలు. ప్లాస్టిక్ స్కేలు మీద బ్లేడు ఎక్కేస్తుంది. మాది ఒక అంచున అరిగి ఉంటే తీసేశాను.
2. విరిచే బ్లేడున్న కట్టర్. ప్రతి 15 కోతలకోసారి మొన విరిచాను.
3. కింద పాత పరీక్ష అట్ట.
4. స్టీలు చెంచా, మడత రుద్దడానికి.

ఒకేసారి పది జంటలు పేర్చి కోయబోయాను. నాలుగో కాగితం దాటాక బ్లేడు పక్కకు జారి, కింది కాగితాలు ఏటవాలుగా తెగాయి. పైన 11.0 ఉంటే అడుగున 10.6. అలా ఐదు జంటలు, పది పట్టీలు పోయాయి. తర్వాత మూడేసి జంటలే కోశాను. కట్టర్ పట్టుకునేది నేనే. పిల్లలు స్కేలు పట్టుకోవడానికీ వీల్లేదని ముందే చెప్పాను, ఎందుకంటే బ్లేడు జారేది స్కేలు పట్టుకున్న వేళ్ల మీదికే.

మడత పని చిన్నోడిది. చెంచా వెనకతో మధ్య నుంచి చివరలకు రుద్దాలి, చివరల నుంచి మధ్యకు కాదు. లేకపోతే మధ్యలో ముడత చిక్కుకుపోతుంది. వాడు ఒక సాయంత్రం 60 మడిచాడు. అందులో 11 తిరగ మడవాల్సి వచ్చింది. దానికి కారణం వాడు కాదు, పక్కన పెట్టిన కార్టూన్.

ఎన్ని పట్టీలు ఒకదాంట్లో ఒకటి దూర్చాలి? ఎనిమిది పెట్టి చూశాను. లోపలి కాగితం తెరిచే అంచున దాదాపు ఒక మి.మీ. బయటికి తోసుకొచ్చింది. నాలుగు పెడితే కంటికి తెలియలేదు. నాలుగే ఖాయం చేశాను. కట్టకు 4 పట్టీలు, పుస్తకానికి 4 కట్టలు. అంటే 16 పట్టీలు, 32 కాగితాలు, 64 పేజీలు. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాదీ దగ్గర దొరికిన 4వ శతాబ్దపు పుస్తకాలు చాలావరకు మొత్తం ఒకే లావు కట్టగా మడిచి కుట్టినవేనట. వాళ్లు నడిమి కాగితాలను తక్కువ వెడల్పుకు కోసుకున్నారు. నాకంత ఓపిక లేదు.

మడిచాక తెరిచే అంచున అర సెంటీమీటరు కోసి చదును చేశాను. చివరి కొలత 17.5 × 11.

ఇప్పటికి: 226 పట్టీలు. కావలసినవి 192. చేతిలో అదనం 34. సమయం 10½ గంటలు.

నవంబర్ 30: కన్నాలు

ఈ పని మొత్తంలో ఎక్కువ నేర్పింది ఇదే.

మొదటి పుస్తకానికి మూడు కన్నాలు పెట్టాను: పై నుంచి 1.5, 5.5, 9.5 సెం.మీ. దగ్గర. కొలత చక్కగా ఉందని మురిశాను. రెండో కట్ట కుడుతుండగా దారం లాగితే నడిమి కన్నం పక్కకు చిరిగి ఇంకో కన్నంలో కలిసిపోయింది. ఏ కన్నం? దీపం దగ్గర పెట్టి చూస్తే పాత పిన్ను కన్నాలు కనిపించాయి. మా పుస్తకాల పిన్నులు కోసిన తర్వాత ప్రతి పట్టీలోనూ 4 సెం.మీ. దగ్గరొకటి, 5 దగ్గరొకటి కన్నం మిగిల్చాయి. నా 5.5కూ ఆ 5కూ మధ్య అర సెంటీమీటరే. పదహారు పట్టీలూ అదే కొలతతో గుచ్చేశాను కాబట్టి పదహారూ పోయాయి.

మార్పు: పాత కన్నంతో తగువెందుకు, దాన్నే వాడుకుందాం. నాలుగు కన్నాలు: 1.5, 4, 7, 9.5. ఇందులో 4 దగ్గరిది పాతదే. 5 దగ్గరిది ఖాళీగా ఉండిపోతుంది. దానికీ 7కూ మధ్య 2 సెం.మీ. ఎడం ఉంది, చిరగదు. మీ నోటుబుక్కుల్లో పిన్నులు వేరేచోట ఉంటాయి. కన్నాలు గుర్తు పెట్టేముందు పాత కన్నాలను కొలవండి, అంతే.

కన్నం సైజు విషయంలోనూ తడబడ్డాను. మొదట దబ్బనంతో గుచ్చాను. కన్నం పెద్దదై దారం వదులుగా ఆడింది, కట్టలు అటూ ఇటూ కదిలాయి. పెద్దదాని జామెట్రీ బాక్సులోని కంపాస్ ముల్లు సరిపోయింది. కన్నం దారం కన్నా కాస్తంతే పెద్దదిగా ఉండాలి.

గుచ్చే పద్ధతి: లావు పుస్తకాన్ని నడిమికి తెరిచి, ఆ లోయలో కట్టను తెరిచి పెట్టాలి. 11 సెం.మీ. అట్టముక్క మీద నాలుగు గుర్తులు పెట్టి మడతలో ఆనించి, ముల్లును సరిగ్గా మడత గీత మీదే దింపాలి. మడతకు ఒక మి.మీ. పక్కన పడినా కుట్టాక ఆ కట్ట మెట్టులా బయటికి కనిపిస్తుంది.

దారం: మామూలు కుట్టుదారం రెండు పోగులేస్తే కాగితాన్ని కత్తిలా కోసింది. గట్టి నూలు దారం తెచ్చి, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగాను. మైనం పట్టిన దారం జారదు, చిక్కు పడదు. పొడవు అంచనా తప్పి 60 సెం.మీ. తీసుకుంటే మూడో కట్ట దగ్గర అయిపోయింది. ఇప్పుడు నా లెక్క: పుస్తకం ఎత్తు × (కట్టలు + 2 అట్టలు), దానిపైన ఇంకో రెండు ఎత్తులు. 11 × 6 = 66, దానికి 22 కలిపితే 88. నేను 110 తీసుకుంటున్నా. మిగిలితే మిగిలింది, మధ్యలో ముడి వేయడం కన్నా నయం.

రెండో ప్రయత్నంలో కన్నాలు బాగున్నా రెండు పట్టీలు చిరిగాయి. దారాన్ని నా వైపుకి లాగినందుకు. కుట్టు ఎటు నడుస్తోందో అటే, మడత వెంబడే లాగాలి.

ఇప్పటికి: 208 పట్టీలు. సమయం 15 గంటలు. పుస్తకాలు ఇంకా 0.

డిసెంబర్ 6, 7, 13: అట్టలు

పార్సిల్ డబ్బాల అట్టతో మొదలుపెట్టాను. లోపల గాలి గొట్టాలుండే రకం. మూల ఒకసారి బల్లకు తగిలేసరికి నలిగిపోయింది. పాత క్యాలెండర్ల వెనక అట్టలు, డ్రాయింగ్ పుస్తకాల వెనక అట్టలు వెతికితే 2 మి.మీ. మందంవి సరిపడా దొరికాయి. కొలత 17.8 × 11.4. కాగితం కన్నా పైనా కిందా 2 మి.మీ., తెరిచే వైపు 3 మి.మీ. ఎక్కువ.

పైన గుడ్డ. ఇది అత్తయ్యగారి మాట. పొట్టివైపోయిన పిల్లల గౌన్లు, చొక్కాలు మూట కట్టి పక్కన పెడుతుంటే, ‘అమ్మాయ్, ఆ చుక్కల గౌనేసుకుని నా ఒళ్లో ఎంత తిరిగిందో. దాన్ని పారేయకు’ అన్నారు. ఆవిడకిచ్చే పుస్తకానికి ఆ గౌనే వేశాం. మొత్తం ఏడు బట్టల నుంచి 24 ముక్కలు, ఒక్కోటీ 20.8 × 14.4, అంటే నాలుగు వైపులా ఒకటిన్నర సెం.మీ. లోపలికి మడవడానికి.

చెడినవి రెండు.

మొదటిది: పల్చటి నూలుగుడ్డలోంచి జిగురు పైకి ఊరి, ఆరాక మెరిసే మచ్చలు పడ్డాయి. రెండు ముక్కలు వృథా. దీనికి విరుగుడుగా విడి కాగితాలు పనికొచ్చాయి. గుడ్డను బోర్లా పరిచి, కాగితానికి మైదా జిగురు పల్చగా పూసి గుడ్డ వెనక అంటించి ఆరబెట్టాను. మర్నాటికి గుడ్డ గట్టిపడి కాగితంలా కత్తిరించడానికి వచ్చింది, అంచుల పోగులూ ఊడలేదు. ఆ తర్వాత తెల్ల జిగురుతో అట్టకు అంటిస్తే మచ్చ లేదు. మైదా జిగురుకు ఒక వంతు పిండి, ఐదు వంతుల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ చిక్కబడేదాకా ఉంచాలి. చల్లారాకే వాడాలి, మూడో రోజుకు వాసనొస్తుంది.

రెండోది పెద్ద దెబ్బ. మొదటి ఆరు అట్టల్లో ఐదు ఆరాక పెంకుల్లా వంగిపోయాయి. బల్ల మీద పెట్టి కొలిస్తే మూలలు 14 మి.మీ. లేచాయి. తడిసిన గుడ్డ, కాగితం ఆరుతూ బిగుసుకుని అట్టను తమవైపు లాగుతాయి. రెండో వైపు లాగేదేమీ లేకపోతే అట్ట వంగక తప్పదు. నేను లోపలి కాగితం ‘రేపు అంటిద్దాం’ అని వదిలేశాను.

మార్చిన వరస:
1. అట్ట, గుడ్డ, లోపలి కాగితం మూడింటికీ వాటం కుట్టు అంచుకు సమాంతరంగా ఉండేట్టు చూసుకోవాలి. గుడ్డకైతే పొడుగు పోగు దిక్కు.
2. గుడ్డ అంటించి, మూలలు 45 డిగ్రీల్లో కోసి, అంచులు లోపలికి మడవాలి. మూల కొస దగ్గర అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3 మి.మీ. గుడ్డ వదలాలి. లేకపోతే మూల బోసిగా బయటపడుతుంది.
3. అదే కూర్చోడంలో లోపలి కాగితం కూడా అంటించాలి. వాయిదా వేయకూడదు.
4. పైనా కిందా ప్లాస్టిక్ కాగితం, పాత వార్తాపత్రిక పెట్టి బరువు కింద ఉంచాలి. గంట తర్వాత వార్తాపత్రిక మార్చాలి, అది చెమ్మ పీల్చేసి ఉంటుంది. ఆపైన 24 గంటలు ముట్టుకోకూడదు.

బరువుకు ఇస్త్రీ పెట్టె, దాని మీద పిల్లల పాఠ్యపుస్తకాలు. సోమవారం పొద్దున బడికి వెళ్లేటప్పుడు సైన్సు పుస్తకం కనపడక ఇల్లంతా గందరగోళం. అది 9 అట్టల మీద బరువుగా ఉంది.

కొత్త వరసలో చేసినవి 2 మి.మీ. మించి వంగలేదు. పాత ఐదింటికి లోపల రెండు కాగితాలు అంటించి నొక్కితే నాలుగు దారికొచ్చాయి. ఐదోది పారేసి మళ్లీ చేశాను. ముసురు పట్టిన రెండు రోజులూ ఏదీ ఆరలేదు, అప్పుడు కొత్తవి అంటించలేదు కూడా.

అట్టకు కన్నాలు మేకుతో, సుత్తితో. కుట్టు అంచు నుంచి 4 మి.మీ. దూరంలో పెడితే అట్ట చిట్లింది. 8 మి.మీ.కు జరిపాను.

ఇప్పటికి: 24 అట్టలు సిద్ధం. సమయం 22 గంటలు.

డిసెంబర్ 14 నుంచి 24: కుట్టు

ఇది వీపు కనబడేలా వేసే గొలుసుకుట్టు. ఎక్కడ తెరిచినా పుస్తకం బల్ల మీద చదునుగా పడుకుంటుంది. మామయ్యగారి కోసం వెతికింది ఇదే.

1. మొదటి కట్ట లోపలి నుంచి మొదటి కన్నంలోంచి సూది బయటికి. లోపల 8 సెం.మీ. తోక వదలాలి.
2. అట్ట బయటి వైపు నుంచి కన్నంలోకి దించి, అట్టకూ కట్టకూ మధ్య నుంచి సూది తీసి, ఇప్పుడు పడ్డ దారాన్ని ఒక చుట్టు చుట్టి, అదే కన్నంలోంచి కట్ట లోపలికి వెళ్లాలి. తోకతో ముడి వేయాలి.
3. లోపలి నుంచే రెండో కన్నానికి నడిచి అదే పని. చివరి కన్నం దగ్గర మాత్రం వెనక్కి వెళ్లకుండా రెండో కట్ట చివరి కన్నంలోకి ఎక్కాలి.
4. రెండో కట్టలో ప్రతి కన్నం దగ్గరా బయటికొచ్చి, అట్టకూ మొదటి కట్టకూ మధ్య ఉన్న కుట్టు వెనక నుంచి సూది తిప్పి, మళ్లీ అదే కన్నంలోకి. మూడో కట్టకు ఒకటీ రెండూ కలిసిన చోటున్న కుట్టు కింద నుంచి తిప్పాలి. ఇలా జడలా అల్లుకుంటుంది.
5. చివరి కట్టనూ వెనక అట్టనూ కలిపే కుట్టాలి, విడివిడిగా కాదు. ముడి లోపల వేయాలి.

నాలుగో అంకె రాయడం కన్నా చేయడం తేలిక. జడ వేయడం వచ్చిన చేతికి రెండో పుస్తకానికే పట్టుబడుతుంది. పెద్దది నాకన్నా నీటుగా కుట్టింది, నేను బిగించినంత గట్టిగా బిగించదు కాబట్టి కాగితం చిరగలేదు.

మొదటి పుస్తకానికి గంటా ఇరవై నిమిషాలు. నాలుగోదానికి 50. చివరివి 35కు దిగాయి. ఐదోదానిలో నేను ఒక కట్ట తలకిందులుగా పెట్టి కుట్టేశాను. కన్నాలు పైనా కిందా సమానమే కాబట్టి కుట్టు పడింది, కానీ మార్జిన్ గీత తప్పు వైపు వచ్చింది. మొత్తం విప్పాను. విప్పడంలో మూడు పట్టీలు, వేరేచోట మూడు, మొత్తం ఆరు పోయాయి. అప్పటి నుంచి ప్రతి కట్టకూ పై మూలలో పెన్సిలు చుక్క పెడుతున్నాం.

32 కాగితాల మందం లెక్క ప్రకారం 3 మి.మీ. రావాలి. కుట్టాక వీపు దగ్గర 6 ఉంది. మడత, దారం కలిసి ఉబ్బిస్తాయి. రాత్రంతా బరువు పెడితే 5కు దిగింది.

ఇప్పటికి: 12 పుస్తకాలు. మిగిలిన పట్టీలు 10. దారం సుమారు 16 మీటర్లు. సమయం 31 గంటలు.

డిసెంబర్ 27, 28: మొదటి పేజీ

రెండేళ్ల కిందట ఇలాగే కొన్న నోటుబుక్కులు పంచాను. మొన్న పిన్ని బీరువాలో ఒకటి కవరు కూడా విప్పకుండా కనిపించింది. అడిగితే, ‘అంత బాగున్నదాంట్లో చిల్లర లెక్కలు రాయడానికి చేతులు రాలేదే’ అంది. ఖాళీ పుస్తకం ఇస్తే వచ్చే చిక్కు ఇదే. మొదటి పేజీ పాడుచేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

అందుకే మొదటి పేజీ మేమే ‘పాడు’ చేశాం. చిన్నోడు వాళ్ల తాతయ్యకు: ‘తాతయ్యా, నువ్వు బడికెళ్లేటప్పుడు సంచిలో ఏమేం ఉండేవి? ఇక్కడే రాయి.’ వాళ్ల బాబాయి కూతురికి సగం బొమ్మ వేసి, మిగతా సగం వేయమన్నాడు. నెలల బిడ్డ ఉన్న ఇంటికి మొదటి పేజీలో నెలకొక గడి గీసిచ్చాం, ఎత్తు, బరువు రాసుకోవడానికి.

ఇక్కడా ఒక తప్పు. మొదటి మూడింటికి స్కెచ్ పెన్ను వాడారు. సిరా వెనక పేజీకి దిగింది. ఆ కాగితం చింపేద్దామంటే కుదరదు, దాని జోడీ అదే కట్టలో ఇంకో చివర ఉంది. దీన్ని లాగితే అదీ ఊడుతుంది. వెనక పేజీ మీద అదే సైజు ఖాళీ కాగితం అంటించి సరిపెట్టాం. మిగతావన్నీ పెన్సిలు, బాల్‌పెన్నుతోనే.

పైన కాగితం చుట్టలేదు. మిగిలిన దారంతో ఒక కట్టు, పేరు రాసిన చిన్న చీటీ.

ఇప్పటికి: 33 గంటలు. పుస్తకానికి 2 గంటల 45 నిమిషాలు. మళ్లీ చేస్తే, తప్పులు లేకుండా, గంటన్నరలో ఒకటి పూర్తవుతుందని నా అంచనా.

జనవరి 18: వాడకంలో ఏం తేలింది

ఇచ్చిన పన్నెండులో ఏడు ఇప్పటిదాకా చూశాను.

ఐదింటిలో రాస్తున్నారు. మామయ్యగారు సంచి జాబితా రెండు పేజీలు రాసి, మూడో పేజీ నుంచి మందుల వేళలు రాసుకుంటున్నారు. అత్తయ్యగారిది ఫోను పక్కన ఉంది, అంకెలు పెద్దవిగా, పేజీకి నాలుగే నంబర్లు. పిన్నిది చిల్లర లెక్కలే. కొత్తదాని మీద ఉన్న మమకారం ఇంకా ఒక ఇంట్లో తగ్గలేదు, అది అద్దాల అల్మారాలో ఉంది. ఇంకొకటి పసిబిడ్డ నోట్లోకి వెళ్లి మూల నానింది, గుడ్డ కాస్త లేచింది. తెల్ల జిగురు పెట్టి నొక్కిచ్చాను.

లోపం ఒకటి రెండు పుస్తకాల్లో ఒకేలా కనిపించింది. చివరి అట్ట వదులైంది. రెండూ నేను కుట్టినవే, పెద్దది కుట్టినవి కావు. చివరి ముడి వేసేముందు దారాన్ని ప్రతి కన్నం దగ్గరా వెనక్కి లాగి బిగించడం మరిచాను. విప్పక్కర్లేదు. సూది మొనతో మొదటి కట్ట నుంచి చివరిదాకా ఒక్కో కుట్టు సళ్లు లాగుతూ వచ్చి, చివర మిగిలిన దారంతో రెండో ముడి వేస్తే సరిపోయింది. పావుగంట పని.

విడి కాగితాల్లో గుడ్డ వెనకకూ అట్టల లోపలికీ ప్రయోగాలకూ పోగా ఇంకా 200 పైనే ఉన్నాయి. వాటిని ఒక క్లిప్పు పెట్టి లెక్కలు చేసుకునే బల్ల మీద పెట్టాను.

నిన్న రాత్రి చిన్నోడు లెక్కల నోటుబుక్కు పట్టుకొచ్చాడు. ఇంకా సగం ఖాళీగా ఉంది. కొత్తది కావాలట. ఎందుకురా అంటే, పిన్ను దగ్గరికి తెరిచి చూపించాడు. ‘రేపటితో సగం దాటుతుందమ్మా. దాటితే నీకు జంటలు రావుగా.’